రెండో రకం పళ్ళేలు

లిమోజ్ ఊళ్ళో పింగాణీ కార్ఖానా.
చివరి గదిలో, ఉత్తరం కిటికీ కింద
మోరిసెత్ పక్కన నాకు స్టూలు వేశారు.
పళ్ళేన్ని వెలుతురుకెత్తి చూడాలి,
చెక్కపుల్లతో అంచుమీద ఒక్కసారి తట్టి
చెవి ఒగ్గాలి.
ఖంగుమంటే మొదటి రకం.
గొంతు జీరబోతే రెండో రకం.
వెంట్రుకంత పగులూ, ఆవగింజంత మచ్చా
ఆమె కళ్ళు దాటి పోలేదు
ముప్పై ఒక్కేళ్ళు.

అలాంటి మనిషి పన్నెండు కొట్టగానే
పుల్ల కింద పెట్టేసేది,
చేతిలో పళ్ళెం సగమే చూసి ఉన్నా సరే.
"దానికేం తొందర?
ఇప్పటికే రెండుసార్లు కొలిమిలో కాలింది" అనేది.

నేను రొట్టె నములుతూనే లెక్కలు కట్టేదాన్ని.
పొద్దున వదిలేసిన పళ్ళెంలో పగులుందేమో,
మేనేజరు బోన్‌జూర్ అన్నప్పుడు నవ్వలేదెందుకో,
ఆరున్నర బస్సు తప్పితే ఏడుంబావుది,
అదీ తప్పితే...
మోరిసెత్ అంతా వినేది.
విని, ఒక భుజం, ఒక్కటే, ఎగరేసి
పెదాల మధ్య నించి "బొఫ్" అని గాలి వదిలేది.
ఊదిన కొవ్వొత్తిలా
నా బస్సు ఆరిపోయేది.

జూన్‌లో ఒక ఆదివారం భోజనానికి పిలిచింది.
నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను,
మెట్లెక్కుతూ క్షమాపణలు గుదిగుచ్చుకుంటూ.
తలుపు తీసి
"మంచిదైంది, నా స్నానమే ఇప్పుడైంది" అంది.

బల్లమీద అన్నీ రెండో రకమే.
ఒక పళ్ళెం ఓ పక్కకి వాలింది,
ఒకదాని నీలిపువ్వుకి రేకు తక్కువ,
కుదురుగా నిలవని గిన్నె కింద
మడిచిపెట్టిన బస్సు టికెట్టు.
చెర్రీలతో క్లఫుతీ చేసింది. అడుగు మాడింది.
"తాన్‌పీ" అంది,
పోన్లే, పోయిందేదో పోనే పోయిందన్నట్టు,
పైపైన తీసి వడ్డించింది.
గింజలు తియ్యలేదేమని అడిగాను.
"నోరుంది, పళ్ళెముంది, ఉమ్మెయ్.
ఒక్కో చెర్రీకీ ముందే భయపడితే
పండు తినేదెప్పుడు?"

పొరుగింటి ఫుల్బేర్ కుర్చీ లాక్కుంటూ
మోచేత్తో ఆ వాలిన పళ్ళేన్నే తోసేశాడు.
మూడు ముక్కలు.
ఎవరూ లేవలేదు. మాట మధ్యలో ఉంది.
మాట ముగిశాక చీపురొచ్చింది.

ఈమెకి ఏదీ పట్టదనుకున్నాను.
కొంచెం కుళ్ళుకున్నాను కూడా.

నవంబరులో గోడకి కాగితం అంటించారు.
ఇకమీద పగుళ్ళని యంత్రం చూస్తుందట.
తొమ్మిది పేర్లు. నాది ఏడోది.
ఆమెది లేదు, మరో ఏడాదిలో ఎలాగూ రిటైరవుతుంది.
భుజం ఎగరేస్తుందని చూశాను.

కాగితం చదివింది.
కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది.
పళ్ళేన్ని తట్టినట్టే
కాగితాన్ని గోడమీద పుల్లతో తట్టింది,
చెవి ఒగ్గింది.
"ఇది పగిలింది" అంది.

పదకొండు రోజులు గేటు ముందు,
పీపాలో పాత చెక్కలు మండుతుంటే,
వియెన్ నది మీంచి చలి కోస్తుంటే,
నడుం నొప్పి సంగతి ఎత్తకుండా నిలబడింది.
అరవలేదు. అడిగినవాళ్ళందరికీ
తొమ్మిది పేర్లూ చూడకుండా చెప్పింది.
బస్సుల మీదా మాడిన అడుగుల మీదా
పైసా పారెయ్యని కోపం
అంతా ఒక్కచోట ఉంది,
ఎండాకాలం కొట్టి పేర్చుకున్న కట్టెల్లా, పొడిగా.

ఐదుగురం మిగిలాం.
పోయిన నలుగురి గురించి
ఆమె తాన్‌పీ అనగా నేను వినలేదు.

ఇప్పుడు ఆ పుల్ల నా దగ్గరుంది.
నిన్న ఆరున్నర బస్సు
నా ముక్కు ముందే తలుపేసుకుని వెళ్ళిపోయింది.
స్టాపులో నిలబడి భుజం ఎగరేసి చూశాను.
రెండూ లేచాయి.
ఒక్కటే ఎగరెయ్యడం ఇంకా రాలేదు.
పోన్లే.