ఊగేదేదీ ఉంచొద్దు

ముందుగాల కడిగినం.
మొదట పరకాల నల్లరేగడి దిగింది,
దాని కింద నర్సంపేట ఎర్రమన్ను,
ఇంజను పక్క సందుల్ల
ఏ ఊరిదో చెప్పరాని సున్నపు తెలుపు.
ఏడాది పొడుగూత సంచుల్ల మోసుకొచ్చి
భూసార పరీక్షకు ఇచ్చిన మట్టిల
లెక్కకు రాయని నమూనాలు
మట్టెవాడ మోరీల కలిసిపోయినయి.

యాకూబ్ పాషా షెడ్డుల ట్యూబులైటు
కాసేపు ఆలోచించి వెలిగింది.
"ఊగేదేదీ ఉంచొద్దక్కా" అన్నడు.
హ్యాండిలుకు కట్టిన నిమ్మకాయ, ఎండిన మిరపకాయలు
మొదలు అవే తెంపిండు.
"మరి దిష్టి?" అన్న.
"ట్రాక్ మీద అందరు ముందటికే చూస్తరు,
దిష్టి పెట్టే తీరిక ఎవలకుంటది."

అద్దాలు విప్పిండు.
ముందటోని పైలం వెనకొచ్చేటోడే చూసుకోవాల్నట,
అదీ అక్కడి కానూను.
ములుగు రోడ్డు మీద పదకొండేండ్లు నడిపిన,
గింత మంచి మాట
ఎవల నోట వినలే.

హారన్ వైరు పీకినప్పుడు మాత్రం
నా బొటనవేలు ఉలిక్కిపడ్డది.
బర్రెకు, బస్సుకు, పెండ్లి బారాత్‌కు
ఇన్నేండ్లు ఒక్కటే మాట చెప్పుకుంట వచ్చింది అది.

హెడ్‌లైటుకు అడ్డం ఒక టేపు, నిలువు ఒక టేపు,
పగిలితే పెంకులు రాలొద్దని.
ఇంజన్ ఆయిల్ బోల్టుకు సూదంత బెజ్జం పొడిచి
సన్నటి స్టీలు తీగ దూర్చి
మెలేసి, మెలేసి, ఇంకోసారి మెలేసి
"ఒక్క చుక్క కారినా నీకేం గాదక్కా,
నీ వెనక పిలగాడు పడ్తడు."
కూలెంటు పారబోసి ఉత్త నీళ్లు నింపింది గూడ అందుకే,
అది జారుతదట.
రాత్రి పదకొండు దాటినంక
నాకప్పుడు సమజైంది,
సగం పని నా కోసం కాదు,
పేరు తెల్వని ఎవలి మోకాళ్ల కోసమో.

బ్రేకులకు కొత్త ఆయిల్ పోసినం. కొత్త ప్యాడ్లు.
గాలి ముప్పైమూడు నుంచి ఇరవైఎనిమిదికి దించిండు,
వేడెక్కితే అదే పెరుగుతదని.

చీర గార్డు ఆఖరుకు.
నాలుగు బోల్టులూ తుప్పు.
జాలి సందుల చిక్కి ఒక పోగు, వంకాయ రంగుది,
అమ్మ కొమ్మాల జాతరకు కట్టిన చీర.
నేను చెయ్యి చాపేలోపే
పాషా పట్కారుతోని లాగి పారేసిండు.
"దారం చెయిన్‌కు పగ."

వెనక స్ప్రింగు
ఇద్దరి బరువుకు బిగించి ఉన్నది.
పక్క షాపు బుచ్చిరాములు టైలరు టేపు తెచ్చి
నన్ను ఎక్కించి కొలిచిండు,
జాకెటు కొలతలెక్క కాదు,
దర్వాజకు గడప కొలిచినట్టు.
ఇరవై మిల్లీమీటర్లే కుంగింది.
రెండు మెట్లు వదులు చేసినంక ముప్పై.
"ఒక్కదానివే ఎంత బరువుంటవో
ఇన్నొద్దులు దీనికి తెల్వనే తెల్వదక్కా."
నాకు మాత్రం తెలుసా.

తెల్లారగట్ల ఏనుమాముల మార్కెట్ కాడ
చెన్నై పోయే మిర్చి డీసీఎం.
బస్తాల నడుమ బండిని నిలబెట్టి
నాలుగు దిక్కుల పట్టీలు గుంజి కట్టినం.
డ్రైవర్ తుమ్మిండు, పాషా తుమ్మిండు,
నేను రెండుసార్లు తుమ్మిన.
బండి మాత్రం తుమ్మలే,
నంబరు లేని మొఖంతోని
పెండ్లిచూపులకు కూసున్న పిల్ల తీరు గంభీరంగ ఉన్నది.

ఇంటికి ఆటోల పోయిన, ఒళ్లె గోనెసంచి.
అద్దాలు, హారన్, నంబరు ప్లేటు,
ఇండికేటర్లు, చీర గార్డు.
గుంత వచ్చినప్పుడల్లా
సంచిల రోడ్డు గలగలమన్నది.

అమ్మ మూట విప్పి చూసింది.
"ఇన్ని తీసినంక దాంట్లె ఇగ ఏం మిగిలిందే?"
"బ్రేకులు" అన్న.
ఆమె ఏం మాట్లాడలే.
ఎడమ దిక్కు అద్దం తీసి
కొంగుతోని గ్రీజు తుడిచి
కిటికీల నిలబెట్టి పాపిట సర్దుకున్నది.
"సోమారం దాక
ఇది నాది" అన్నది.