యాభై రూపాయల పని

అల్లూరు సెంటర్లో షట్టరు సగమే ఎత్తాను.
ఫోన్లో పెంచలరత్నం:
"కాలేషన్నా, కరెంటు పోతే యూపీఎస్ కూడా పోతా ఉండాది.
పోకుండా ఉంటుందనే గదా కొన్నాం?"

ఇస్కపల్లి దాకా మోపెడ్ మీద ఎదురుగాలి.
ఉప్పుమళ్ళ మీదుగా వచ్చే గాలి
ముందు నా పెదాల మీద కూర్చుంటుంది,
తర్వాత ఊళ్ళో ప్రతి రాగితీగ మీదా.
ఈ దారిలో నాకు అన్నం పెట్టేది ఆ తుప్పే.
దాన్ని తిట్టను.

పాలకేంద్రంలో ఆరు కాకముందే క్యాన్ల వరస.
వెన్నశాతం చెప్పే మిషను పక్కన
బల్ల కింద, గోనెసంచి మీద, అది.
పసుపెక్కిన మొహం.
పచ్చలైటు మాత్రం ఏమీ ఎరగనట్టు.

మెయిన్ ఆపాను.
లోపల రిలే ఒక్కసారి టక్కుమంది,
మెటిక విరిచినట్టు.
అంతే.
మిషను మీద ఎర్ర అంకెలు ఆరిపోయాయి.

నాలుగు స్క్రూలు. ఒకటి అప్పటికే లేదు.
మూత తీస్తే ముందు వాసన పలకరించింది,
వేడెక్కిన దుమ్ము, పుల్లటి ఆవిరి.
ట్రాన్స్‌ఫార్మర్ మీద బల్లిగుడ్ల పెంకులు రెండు.
ఫ్యూజు బాగుంది.
బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి,
టెర్మినల్ చుట్టూ తెల్లటి పూత,
బయట మళ్ళలో గుట్టలు పోసినదానికి చెల్లెల్లా.

మీటరు పెట్టాను: పన్నెండు పాయింట్ తొమ్మిది.
"బాగానే ఉండాదే!" రత్నం తొంగిచూసింది.
ఊరికే కూర్చోబెట్టి అడిగితే
ఏ బ్యాటరీ అయినా పన్నెండే చెబుతుంది తల్లీ,
బస్తా నెత్తిన పెట్టి అడగాలి.
సంచిలోంచి పాత హెడ్‌లైట్ బల్బు తీసి తగిలించాను.
ఒక్క క్షణం వెలుగు,
ఆపై చివరిదాకా కాలిన బీడీ.
మీటరు జారింది: పది, ఎనిమిది, ఆరున్నర.

ఇది నిన్నా మొన్నా చచ్చింది కాదు.
నెలల తరబడి చస్తా ఉంటుంది,
కరెంటు పోయిన ప్రతిసారీ కీచుమంటుంది.
అరవలేదా?
"నేను చేరినకాడ్నుంచీ దీని గొంతే విన్లేదన్నా."

టార్చి పళ్ళమధ్య పట్టుకుని బోర్డు తిప్పాను.
బజర్ ఉండాల్సిన చోట
రెండు మొండికాళ్ళు,
నున్నగా, ఒకే ఎత్తున కత్తిరించినవి.
పని తెలిసిన చెయ్యి.
ఏ వెధవ చేశాడో అని నోటిదాకా వచ్చింది.

మూత లోపలివైపు నల్ల స్కెచ్‌పెన్ను:
ఒక తేదీ, పొడి అక్షరం 'కా', కింద యాభై.
బాగుచేసిన ప్రతిదాంట్లోనూ రాసుకుంటాను.

అప్పుడిక్కడ వెంగయ్య ఉండేవాడు.
"దీని నోరు మూయించబ్బయా,
పొద్దున్నే చెవిలో పుల్ల పెట్టినట్టుండాది."
రెండు నిమిషాల పని.
టీ కూడా తాగాను.

వరసలోంచి తిరుపాలమ్మ, ఎవరూ అడక్కుండానే:
"వెంగయ్య ఉన్నప్పుడు
నా పాలు యంత్రంలో ఉండంగా కరెంటు పోయింది.
మళ్ళీ చూడమంటే అందరివాట్లో కలిపేశామన్నాడు.
పుస్తకంలో అయిదు రాశాడు.
నా బర్రె ఏనాడూ ఏడుకి తగ్గలేదు.
నీళ్ళు కలిపానని నవ్వారు గూడా."

ఆమె నాతో చెప్పలేదు. బల్ల కిందికి చూస్తూ చెప్పింది.
నేను ఫ్లక్స్ డబ్బా కోసం
సంచిలో చాలాసేపు వెతికాను.
అది నా చేతిలోనే ఉంది.

కొత్త బ్యాటరీ పెట్టాను.
రిలే కాంటాక్టుల మీది ఉప్పు గీకాను.
చచ్చిన స్టెబిలైజర్లోంచి ఊడదీసిన బజరు,
చింతగింజంత,
ఆ మొండికాళ్ళ మీద నిలబెట్టి సీసం కరిగించాను.
కళ్ళలోకి పొగ వచ్చింది.
పొగే.

మెయిన్ ఆపాను.
టక్.
ఎర్ర అంకెలు కదల్లేదు.
ఆ వెంటనే బయట కోళ్ళు ఉలిక్కిపడేలా
కీ, కీ, కీ.

"ఏందన్నా ఈ గోల! ఆపలేవా?"
"ఆపగలను," అన్నాను.
ఆపలేదు.

తిరుపాలమ్మ వంగి చూసింది.
"ఏమంటా ఉండాదబ్బయా ఇది?"
"కరెంటు లేదు, నేనే మోస్తా ఉండా,
తొందరగా కానీండి అంటా ఉండాది."
"అయితే ముందు నాది పోయించు," అని
క్యాన్ మూత తీసింది.

ఏడు పాయింట్ ఒకటి.

పుస్తకంలో ఆ అంకె రాసేదాకా
నేను మెయిన్ వెయ్యలేదు.