ఈ వారం వంతు నాది

పర్లాకిమిడి నుంచి పాతపట్నం
ఆటోకి ముప్పై, సంచికి ఇంకో పది.
కందిపప్పులో మిగిలింది కాస్తా అందులోనే పోద్ది.
అందుకే మా వీధిలో నాలుగిళ్లకీ ఒక్కర్తే ఎల్తాది.

నాలుగు చీటీలు జాకెట్లో.
సువర్ణది ఒరియాలో. నాకు రాదు,
కొట్టు గవరయ్య చదివి పెడతాడు:
"పంచదార కిలో... గీత పెట్టీసింది.
అరకిలో...
అదీ పెట్టీసింది."
ఆయన పెన్సిలు ఆగింది.

నేను గొడవకి దిగాను.
మినపగుళ్లు పోయినసారికంటే రెండెక్కువేటని,
మిరపకాయల్లో తొడిమెలే తూస్తున్నావని.
పధ్నాలుగు తగ్గించాడు,
పీడ వదిలితే చాలని.

మహేంద్రతనయ వంతెన మీద
ఆ చీటీ ఒక్కటీ గాలికి వదిలేసాను.

సాయంత్రం సువర్ణ సంచి ఎత్తి చూసి
"బరువుందేటి?" అంది.

"ఆ కొట్లో తూకం మంచిదమ్మా" అన్నాను.