పదహారు హెడ్‌ఫోన్లు

ఉలాన్‌బాతర్‌లో జనవరి.
ట్రాలీబస్సు అద్దం మీద మంచులో
ఎవరో వేలితో గీసిన గుర్రం
సాయంత్రానిక్కూడా కరగదు.

ఏడున్నరకి ల్యాబు తాళం తీస్తాను.
రేడియేటరు మీద హెడ్‌ఫోన్లు వరసగా పరుస్తాను.
చెవి మెత్తలు బిగుసుకుపోయి ఉంటాయి,
నిన్నటి రొట్టెల్లా.
పదహారు.
పదకొండో దానికి ఎడమ చెవి వినబడదు.
రిపేరుకి రాసి రెండేళ్లయింది.

ఈ గదిలోనే నేను రష్యన్ నేర్చుకున్నాను,
టేపు చుట్టలు తిరిగే రోజుల్లో.
టేపు ఎవర్నీ దిద్దేది కాదు.
మనం తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా
దాని దారిన అది చెప్పుకుపోయేది.
ఇప్పటిది వింటుంది.
విని, మాట మాటకీ రంగు వేస్తుంది:
పచ్చ, పసుపు, ఎరుపు.
మిరపకాయ పండే వరసే,
కాకపోతే ఇక్కడ పచ్చిదే మంచిది.

సొలొంగోకి మొదటి మాట దగ్గరే గొడవ.
ఇష్. నేను.
మాకు ఖ వచ్చు, గొంతు లోపల గీరుకుంటూ.
ష వచ్చు.
ఈ రెంటి మధ్యా సన్నగా జారిపోయే గాలి ఉందే,
అది మా ఇళ్లలో ఎవరి దగ్గరా లేదు.
పద్నాలుగుసార్లు "నేను" అంది ఆ పిల్ల.
పద్నాలుగుసార్లూ "నేను" ఎరుపు.
ఒత్గోన్‌జర్గల్ టీచరు పక్కనే నించుని
ఫ్లాస్కు మూతలో పాల టీ పోసి ఇచ్చింది.
"ఊదుకో. గట్టిగా కాదు,
నవ్వుతూ ఊదు."
ఊదింది.
పచ్చ.

ఆరో వారం, విడిపోయే క్రియలు.
ఒక్కటే మాట, వాక్యంలోకి రాగానే రెండు ముక్కలు.
తల ముందు నిలబడుతుంది,
తోక చివరికి పోయి కూచుంటుంది.
ఇష్ రూఫె మైనె ముట్టర్ ఆన్.
అమ్మకి ఫోన్ చేస్తాను.
"ఆ చివరి 'ఆన్' మరిచిపోతే?" అన్నాడు తుమెన్‌బయర్.
"ఫోన్ చేసినట్టు కాదు, కేకేసినట్టు."
వాడి తల్లి గోబీలో మేకల దగ్గర ఉంటుంది.
"మా అమ్మకి రెండూ ఉన్నాయి టీచర్,
గుట్ట ఎక్కితే 'ఆన్' ఉంటుంది, దిగితే పోతుంది."
క్లాసంతా ఘొల్లుమంది.
హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లు కొంచెం ఆలస్యంగా.
మెషీను ఆ నవ్వు కూడా రికార్డు చేసుకుని
మొత్తం ఎర్రగా చూపించింది.

ఆరు దాటి అందరూ వెళ్లాక
పదకొండో సీట్లో కూచున్నాను.
చెడిన చెవిలోంచి కారిడారు వినబడుతుంది,
ఎవరైనా వస్తే తెలుస్తుంది.
కొత్త విద్యార్థి, అని నొక్కాను.
వయసు అడిగింది. దాటేశాను.

ఇష్ హైసె దులమ్‌సురెన్.
ఇష్ పచ్చ. హైసె పచ్చ.
పేరు ఎరుపు.
మళ్లీ చెప్పాను, మెల్లగా,
చిన్నపిల్లకి అన్నం పెట్టినట్టు ముద్ద ముద్దగా:
దు. లమ్. సు. రెన్.
ఎరుపు.
దయచేసి స్పష్టంగా పలకండి.

యాభై ఏడేళ్లుగా పలుకుతూనే ఉన్నాను నాయనా.
మా అమ్మ గుడారం గుమ్మంలో నించుని
ఈ పేరు పెట్టి పిలిస్తే
వాగు అవతల గొర్రెలు కూడా తలెత్తేవి.

వేరే పేరుతో ప్రయత్నించమంది.
ఉదాహరణకి, ఆన్నా.
తర్వాతి పాఠం మీద తాళం బొమ్మ.
నా గుత్తిలో ఇరవై మూడు తాళంచెవులున్నాయి,
ఒక్కటీ దానికి పట్టదు.

ఆన్నా అనలేదు.
రిజిస్టరు తీసి రాశాను:
పదకొండు, ఎడమ చెవి పనిచెయ్యదు.
కాసేపాగి, కింద:
కొత్త సాఫ్ట్‌వేరు, దానికీ ఓ చెవి వినబడదు.

బస్‌స్టాపులో ఎవరూ లేరు.
నవ్వుతూ ఊదాను.
ఇష్.
నోటి ముందు తెల్లగా
కొంతసేపు నిలబడింది.