పిండి మీద లెక్క

మంచు బరువుకి తీగలు తెగి మూడు రోజులైంది.
అత్‌బాషి కొండల్లో కరెంటు లేదు, మనిషి రాకపోకల్లేవు.
మా ఆయన గడ్డి కోసం కనుమ దాటి వెళ్లి అక్కడే చిక్కుకున్నాడు.
సరిగ్గా ఆ సాయంత్రమే ఈనాలా మా నల్ల గొర్రె,
అదీ జంటని!

తడి పిల్లలు గోనె మీద వణుకుతుంటే
లారీ బ్యాటరీ ఈడ్చుకొచ్చి
పాత హీటరు చుట్టని దానికి తగిలించాను.
కరెంటున్న రోజుల్లో ఎర్రగా మండేదే కదా అని.
పట్టుకు చూస్తే
చచ్చిన పాములా చల్లగా ఉంది.

"మూడే వాట్లు అత్తా," అంది బురుల్.
"మూడంటే?"
"దోమ కూడా చలి కాచుకోలేదు."

మా ఆడపడుచు కూతురు. పదమూడేళ్లు.
రొట్టెల పీట మీద పిండి చల్లి
వేలితో గీసింది:
పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు,
దాన్ని నలభై ఎనిమిది పెట్టి భాగించి, మూడు.
"ఈ చుట్ట నిరోధం నలభై ఎనిమిది ఓములు.
రెండొందల ఇరవై వోల్టులైతే నెట్టుకుపోతాయి,
పన్నెండుకి అంత బలమెక్కడిది?"

నిరోధమంటే మొండితనం కాబోలు అనుకున్నాను.
అది మా ఇంట్లో దండిగానే ఉంది.

"పోనీ, ఇంకో చుట్ట కలుపుదామా?"
"కలపకూడదు. తెంపాలి."
ఎనిమిది ముక్కలు చేసింది, ముక్కకి ఆరు ఓములు.
తీగ పొట్టిదయ్యేకొద్దీ వేడి ఎక్కువట!
ఇన్నేళ్లూ కట్టె పెంచితేనే మంట పెరిగేది నాకు.

నూట నలభై నాలుగులో ఆరో వంతు, ఇరవై నాలుగు వాట్లు.
ముక్కని పెంకు చుట్టూ చుట్టింది.
పెంకు ముందు ఊరుకుంది,
తర్వాత నా అరచేతికి తెలిసింది.

"ఇంకేం, చెరొకటి పెట్టేయ్."
"పెడితే నాలుగు ఆంపియర్లు తాగుతాయి.
మూత మీద అరవై అని ఉంది, సగానికి మించి తోడకూడదు.
ముప్ఫైని నాలుగు పెట్టి భాగించు."
నాకు భాగహారం రాదు, గొర్రెల్ని పంచడం వచ్చు.
ముప్ఫై గొర్రెలు, నలుగురు అన్నదమ్ములు:
తలా ఏడు, మిగిలిన రెండిటికీ కొట్లాట.
"ఏడున్నర గంటలు," అంది నవ్వకుండా.
ఇప్పుడు ఆరు. కొండ మీద ఎండ పొడిచేది ఎనిమిదికి.

ఒక్క ముక్కైతే పదిహేను గంటలు.
రాత్రి పద్నాలుగు.
మిగిలిన ఆ ఒక్క గంటనీ
ఏం చెయ్యాలా అని పిండి వంక చూస్తూ కూర్చుంది,
దీపం ముందు సూదిలో దారమెక్కించే ముసలమ్మలా.

"తడి ఆరేదాకా ఓ గంట రెండూ ఉండనీ,"
అని తనే తేల్చింది.
గంట కాగానే రెండో ముక్క తనే ఊడదీసింది.
వేళ్లు చురుక్కుమన్నాయి. ఏమీ అనలేదు.
పిల్లల్నిద్దర్నీ ఒకే పెంకు దగ్గరికి జరిపింది.

తెల్లారగట్ల ఐదుకి పెంకు చల్లబడింది.
లెక్క తప్పలేదు.
మూత మీది అరవై అబద్ధం.
బ్యాటరీ ముసలిదైన సంగతి
మూతకి ఎవరూ చెప్పలేదు.

నేను తోలుకోటు గుండీలు తీసి
రెండిటినీ రొమ్ముకి అదుముకున్నాను.
చిన్నదాని గిట్ట పక్కటెముకలో దిగింది.
బురుల్ పక్కనే చేరి, పళ్లు టకటకలాడుతుంటే అంది:
"అత్తా, మనిషి ఊరికే కూర్చున్నా
దాదాపు నూరు వాట్లట."
"ఆ ముక్క రాత్రే చెప్పలేకపోయావా?"
"నిన్ను కొలవలేదుగా," అంది.

ఎండొచ్చాక పీట దగ్గరికెళ్లాను.
అన్ని అంకెల కిందా కొత్తగా ఒకటి:
నాలుగూ ఇరవై కలిపి ఇరవై నాలుగు,
బ్యాటరీ నిజంగా ఇచ్చిందంతే.
పక్కన ఓ నూరు, దాని పక్కన ప్రశ్నార్థకం.

నీళ్లు పోసి, ఉప్పేసి
అంతా కలిపి పిసికాను.
రొట్టె కాస్త మాడింది.