రైట్ రైట్

రాత్రి పదకొండింటికి ఫోను చేసింది నవనీత.
అప్పుడే ఆనాటి పైసలు అప్పజెప్పి
డిపో మెట్ల మీద కూసోని
కాళ్ల వాపు ఒత్తుకుంటున్న.
"అమ్మా, పెద్ద కంపెనీల సెలెక్టయిన" అన్నది.
సంతోషం వార్తను
చిరిగిన నోటు చేతుల పెట్టినట్టు చెప్పింది.

ఎందుకు బిడ్డా అంటే,
ఉన్న చిన్న కంపెనీల ఇంకో ఏడు నెలలకు
ఎడమ సీటు, భుజం మీద నాలుగు గీతలు.
కడప, నాందేడు, హుబ్లీ,
రెక్కలకు పంకలు తిరిగే డెబ్బై సీట్ల బండి,
దానికి తనే కెప్టెను.
పెద్ద దాంట్ల మళ్లా కుడి సీటు.
సీనియారిటీ లిస్టుల మూడు వేల పైచిలుకు నంబరు,
ముందటోళ్లు రిటైరైతేనో రాజీనామా చేస్తేనో
ఒక్కొక్క మెట్టు.
ఆరేండ్లు పట్టొచ్చు. పదేండ్లు పట్టొచ్చు.
"ఎక్కినంక మాత్రం ఆ జీతం
నీకు లెక్కవెట్టరాదమ్మా."

నాకు లెక్కవెట్టరాదా?
ఇరవై రెండేండ్ల సంది అదే నా పని.
ఇయ్యాల సోమశిల బండి ఎక్కినోళ్లు నూట పద్నాలుగు,
అండ్ల సున్నా టికెట్లు ఎనభై.
నీ ట్రెయినింగుకు సీసీఎస్‌ల తీసిన అప్పు
నా జీతం చీటిల ఏ గడిల కోతవడుతదో
కండ్లు మూస్కొని చూపిస్త.

గంటకింతట ఆమెకు.
చక్రం కదిలినప్పటి సంది చక్రం ఆగేదాక.
పొగమంచుకు బెళగావిల నాలుగు గంటలు నిలబడితే
ఆ నాలుగు గంటలు ఎవ్వరివి కావు.
నవ్వొచ్చింది.
కొల్లాపూర్ బస్టాండుల టైరు పంచరై
ఖాజా భాయ్ జాకీ పెడుతుంటే
నేను నిలబడ్డ ఎండలు
ఏ రిజిస్టరుల ఉన్నయి?

నేను చెప్పిన:
అచ్చంపేట డిపోల నా నంబరు నలభై.
నువ్వు ఆరో తరగతి. నీ బడి కోసం
నాగర్‌కర్నూలు అడుక్కొని వచ్చిన.
తెల్లారి చూస్తే నా నంబరు నూట డెబ్బై.
నైటవుట్లన్నీ నాకే, పండుగ డ్యూటీలన్నీ నాకే.
నా వెనక చేరిన పిల్ల
హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ మీద పొయ్యొస్తుంటే
నేను సింగోటం మలుపుల మేకపిల్లకు టికెట్ కొట్టిన.
నంబరు పోగొట్టుకోకు బిడ్డా.

అటు దిక్కు చానా సేపు సప్పుడు లేదు.
ఆ తర్వాత మెల్లగ,
"పోయిన నెల జీతం ఇంకా వడలేదమ్మా.
ఇయ్యాల పందొమ్మిది.
ముగ్గురు కెప్టెన్లు ఎల్లిపోయిండ్రు.
ఎడమ సీటు నాకు తొందరగ వస్తున్నది
అందుకే."

సమ్మె నాటి దినాలు గుర్తుకొచ్చినయి.
ఉన్న ఒక్క జత కమ్మలు కుదువ పెట్టి
ఖాకీ చొక్క ఉతికి, ఇస్త్రీ చేసి,
ఎటూ పోకుంట దండెం మీద యాలాడేసుకున్న దినాలు.
చొక్క మీద ఎన్ని గీతలుంటేంది,
ఒకటో తారీకు లేకపోయినంక.

"నేను చెప్పింది పక్కకు పెట్టు" అన్న.
"నువ్వు చెప్పిందీ నిజమేనమ్మా" అన్నది.
రెండూ నిజమైతే నిద్ర ఎట్ల వడుతది?

ఆమెకు ఆ చిన్న బండంటే పానం.
పెద్ద బండి సగం దానంతటదే పోతదట,
దీన్ని మాత్రం కాళ్లతోని చేతులతోని
గాలికి ఎదురు పట్టి దించాలెనట.
నాకు తెలుసు ఆ సంగతి.
ఖాజా భాయ్‌కి ఏసీ బండి ఇస్తే
వారం నడిపి వాపసిచ్చిండు,
"ఇండ్ల ఇంజను మాట వినవడుతలేదు" అని.
ఆయన అప్పులు అప్పటికే తీరినయి మరి.

శుక్రవారం లోపల సంతకం చెయ్యాలె.

ఇయ్యాల శుక్రవారం.
పెద్దకొత్తపల్లిల బండి ఆగింది.
ఒక ముసలాయన ఐదొందల నోటిచ్చి
ఇరవై రూపాయల టికెట్ అడిగిండు.
మీద, ఎండకు మెరుసుకుంట,
శంషాబాద్ దిక్కు పోతున్నదొకటి.
చిన్నదో పెద్దదో
కిందికెళ్లి ఏర్పడదు.
సంచిల ఫోను ఒక్కసారి వణికింది.
"కుడి సీటే, అమ్మా."

సంతోషమో కాదో చూసుకునే టైము లేదు.
మెట్టు మీద ఇంకెవరిదో కాలున్నది,
ఖాజా భాయ్ అద్దంల చూస్తున్నడు.
నాలుగొందల ఎనభై టికెట్ వెనక రాసిచ్చి
డోరు రేకు మీద రెండు దెబ్బలు కొట్టి
రోజూ అరిసేదే అరిసిన.
ఇయ్యాల గొంతు జెర పలిగింది:
రైట్... రైట్.