అంచులో రాతలు

కొరాపుట్‌లో వాన అయిదు నెలలు.
ఇనుముకి ఇక్కడ ఆయుష్షు తక్కువ.
కంట్రాక్టరు గోదాములో ఎర్ర డాట్సన్,
రెండే సీట్లు, పైకప్పు లేదు,
పద్దెనిమిదేళ్ళు కోళ్ళు కాపురం చేశాయి అందులో.
కొన్నది నేనే. తూకానికి.
ఇంజను నంబరు చూడలేదు, కిలో ఎంతో అడిగాను.

మా కొత్తవలస లైను వేసే రోజుల్లో
జపాన్ నించి వచ్చిన ఇంజనీరుదట అది.
పగలంతా సొరంగాల్లో దుమ్ము మింగి
సాయంత్రాలు దీన్ని ఘాట్‌లో తిప్పేవాడట.
"అట" అనే మాట మీద నాకు నమ్మకం లేదు.
ముప్ఫయ్యొక్క ఏళ్ళు లోకో షెడ్డులో ఫిట్టర్ని.
బోల్టు ఏం చెబితే అదే నిజం.

బోల్టులు చెప్పిందేమిటంటే,
తిప్పావో, విరుగుతాం.
రాత్రంతా కిరసనాయిలు తాగించి
పొద్దున్నే బ్లోలాంపు సెగ చూపించి
పావు చుట్టు ముందుకి, అర చుట్టు వెనక్కి,
అలిగిన పెద్దమ్మని అన్నానికి లేపినట్టు
ఒక్కొక్కదాన్నే.
విరిగినవి పదకొండు. లెక్క రాసుకున్నాను.

నేలరేకు వేలితో నొక్కితే అప్పడం.
కోసి కొత్తది అతికింది లఖీ ముదులి,
సునాబెడాలో గ్యాసు వెల్డింగు నేర్చిన మనిషి.
కొంగు దోపి, నల్లద్దం దించుకుని,
రవికెకి చేతులు కుట్టినంత నిదానం.
నేను తెలుగులో తొందరపెట్టాను.
తను దేశియాలో తిట్టింది.
అతుకు మీద బిందెడు నీళ్ళు పోశాను,
చుక్క కారలేదు. నోరు మూసుకున్నాను.

కార్బ్యురేటర్లు రెండు, పక్కపక్కన.
లోపలి సూదులు అరిగిపోయాయి.
విజయనగరం పాత ఇనుము కొట్లో
అంబాసిడర్ టాక్సీల కుప్ప కెలికితే
అదే సూది దొరికింది.
అచ్చంగా అదే కాదు,
గరుకు కాయితంతో రెండ్రోజులు రుద్దాక అదే.

ఇక రెండూ ఒక్కలాగే గాలి పీల్చాలి.
రబ్బరు గొట్టం ఒక కొస దాని నోట్లో,
ఇంకో కొస మన చెవిలో.
బుస బుసకి సరిపోయేదాకా మర తిప్పాలి.
నా ఎడమ చెవి డీజిలు ఇంజన్లకి ఎప్పుడో ఇచ్చేశాను.
కుడిది సగం జీతానికి పనిచేస్తోంది.
గొట్టం హైమవతి చేతికిచ్చాను.
ఎక్స్ఛేంజిలో ట్రంకు కాల్సు కలిపిన చెవి అది,
పార్వతీపురం లైను ఎంత గరగరలాడినా
అవతల ఏడుస్తున్నదెవరో చెప్పేది.
కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నది.
"వెనకాయన అబద్ధమాడుతున్నాడు" అంది.
వెంట్రుకవాసి తిప్పాను.
"ఇంకా."
ఇంకో వెంట్రుక.
"ఆ. ఇప్పుడు ఇద్దరిదీ ఒకటే మాట."

సీటు కింద దొరికిన పుస్తకమంతా జపాను లిపి.
నేను బొమ్మలు చదువుతాను, అంకెలు చదువుతాను.
నలభయ్యేడో పేజీ అంచున
పెన్సిలుతో మూడు వరుసలున్నాయి.
వాల్వు సందు గురించో,
ఆ వారం కొనాల్సిన ఉప్పూ సబ్బుల గురించో.
ఎదురింటి కుర్రాడు ఫోను పట్టుకొచ్చి
ఇట్టే చదివిస్తానన్నాడు.
వద్దన్నాను. ఎందుకంటే చెప్పలేకపోయాను.
ఆ వరుసల కింద నేను రాశాను,
"సందు వేడి మీదే చూడాలి, చల్లారితే మోసం."
నా కింద లఖీ ఒడియాలో ఏదో గీసింది.
నేనివ్వాల్సిన బాకీ అని నా అనుమానం.

మొన్న ఆదివారం జయపురం దాకా దిగాం.
తిరిగి ఎక్కేటప్పుడు ఏడో మలుపులో
నీళ్ళు మరిగి తెల్లటి పొగ.
చక్రానికి రాయి అడ్డం పెట్టి కూర్చున్నాం.
కొండ వెనక ఇనుపరాయి గూడ్సు
మూడు ఇంజన్లతో రొప్పుతూ ఎక్కుతోంది.
దాని చప్పుడు నాకు అరికాళ్ళలోంచి తెలుస్తుంది.
"ఆ రాయే ఓడెక్కిపోయి
ఇలాంటి రేకై తిరిగొస్తుందేమో" అంది హైమవతి.
రేడియేటరు మూత ఇంకా కాలుతోంది,
ముట్టుకోకు, అన్నాను.

ఇంటికొచ్చి తుడుస్తుంటే
ఎడమ తలుపు అడుగున, గోరంత, తుప్పు.
పుస్తకం తీసి తేదీ వేశాను.
మబ్బు పట్టకముందే లఖీకి కబురు పెట్టాలి.
అంతకన్నా ముందు ఆ బాకీ.